అత్తకోపం మామిడికి వారసులెవరు?

గుమ్మడిమెట్టలో పోలిశెట్టి సత్యవేణికి ఎకరం ముప్పై సెంట్ల మామిడితోట ఉంది. అందులో పందొమ్మిది చెట్లు. వాటిలో పద్దెనిమిది, ఈశాన్యం మూలనున్న పెద్దచెట్టు నుంచి కట్టిన అంట్లే. ఆ కాయని అత్తకోపం అంటారు. తొక్క దగ్గర కొరికితే కళ్ళు మూసుకుపోయేంత పులుపు, టెంక దగ్గరికి వచ్చేసరికి బెల్లంపాకం. సత్యవేణి అత్తగారు మాణిక్యమ్మ కాపురానికి వచ్చేనాటికే ఆ పేరుంది. “అది మా అత్తగారి కోపం, నాది కాదు” అని ఆవిడ తోటకొచ్చిన ప్రతివారికీ అడక్కముందే చెప్పేస్తుంది.

ఆ రకం చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. తొక్క మరీ పల్చన. లారీ ఎక్కిస్తే దిగేసరికి సగం రసమైపోతుందని వ్యాపారులు ముట్టుకోరు. అందుకని ఏటా మే, జూన్ నెలల్లో సత్యవేణి హైవే పక్కన చిన్న పందిరి వేసుకుని తనే అమ్ముకుంటుంది. ఈసారి ఆ అమ్మకం మీద ఒక బరువుంది. తోటలో బోరు ఎండిపోయింది. కొత్త బోరు పడకపోతే పైఏడు వేసవికి పెద్దచెట్టు నిలవదని ఆమె భర్త గంగాధరం తేల్చి చెప్పాడు. బోరుబండి వాడికి జూన్ ఆఖరికి మాట కూడా ఇచ్చేశాడు.

ఆ ఏడాది పట్నంలో జనానికి పాతవాటి మీద మోజు పుట్టింది. పాత బియ్యం, పాత ఇత్తడి, పాత గానుగ. పాతదంటే చాలు, ధర అడక్కుండా పట్టుకుపోతున్నారు. అది విని గంగాధరం ఒక అట్టముక్క మీద “పాతకాలపు మామిడి, కిలో 80” అని రాసి పందిరికి కట్టాడు. అంతకుముందు ఏడు అరవై.

కట్టిన మూడో రోజున ఒక జీపు ఆగింది. దాని తలుపు మీద “వారసత్వ ఫలాల గౌరవ సంస్థ” అని రాసి ఉంది. దిగినాయన జిల్లా అధికారి శేషశయనంగారు. బట్టతల, బంగారు ఫ్రేము కళ్ళద్దాలు. ఆయన రుచి కోసమని ఒక కాయ తిన్నారు. నిర్ధారణ కోసమని రెండోది తిన్నారు. చేతులు కడుక్కుని, రుమాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నారు.

“అమ్మా, తమరు విక్రయిస్తున్న ఫలం మిక్కిలి గౌరవనీయమైనది.”

“ఆయ్. ఎన్ని కిలోలు కట్టమంటారండి?”

“కట్టవద్దు. ఇంతటి గౌరవనీయమైన ఫలాన్ని కిలో ఎనభై రూపాయలకు అమ్మడం నేరం.”

సత్యవేణి చేతిలోని సంచీ కిందికి జారింది. శేషశయనంగారు ఓపిగ్గా వివరించారు. పాత రకం పండ్లకి సమాజంలో తగిన మర్యాద దక్కడం లేదని ప్రభుత్వం గుర్తించింది. అందుకని ఈ ఏడు నుంచి చెట్టు వయసు ప్రతి పదేళ్ళకీ కిలోకి యాభై రూపాయల చొప్పున గౌరవ ధర.

“తమ వృక్షం వయసెంత?”

“ఎనభై ఉంటాయండి.”

“అయితే నాలుగు వందలు. అంతకు పైసా తగ్గినా ఫలానికి అవమానం. మొదటి అవమానానికి ఐదు వేలు, రెండవ అవమానానికి పది వేలు జరిమానా.”

“అయ్ బాబోయ్! నాలుగొందలు పెట్టి ఎవరు కొంటారండీ?”

“కొనుగోలుదారుల విషయం మా సంస్థ పరిధిలోకి రాదు.”

“పోనీలెండి, నాలుగొందలకే అమ్ముకుంటాను.”

“అమ్మలేరు. ముందు అది వారసత్వ ఫలమని ధ్రువపత్రం పొందాలి.”

“అయితే ఆ బోర్డు పీకేస్తానండి. పాతదీ కాదు, ఏదీ కాదు. మామూలు మామిడికాయండి ఇది.”

శేషశయనంగారు కళ్ళద్దాలు తీసి ఆమెని జాలిగా చూశారు. “ఒకసారి ప్రకటించిన పిమ్మట కాదనడం వారసత్వ నిరాకరణ కిందికి వస్తుంది. దానికి జరిమానా ఉండదమ్మా. తోట జప్తే.”

మర్నాడే సత్యవేణి బస్సెక్కి జిల్లా కార్యాలయానికి వెళ్ళింది. అక్కడ రత్నం అనే గుమాస్తా ఆమె చేతికి పద్నాలుగు పేజీల ఫారం ఇచ్చాడు. యాభై దాటిన మనిషి, మెత్తగా మాట్లాడతాడు. మొదటి పేజీ చూడగానే సత్యవేణికి తల తిరిగింది. మరణించిన వారి పేరు, మరణించిన తేదీ, భార్య లేక భర్త, సంతానం.

“ఇదేంటండీ, మనుషులు పోతే రాసే కాగితంలా ఉంది?”

“అదేనమ్మా. వారసత్వం అనే మాట కలిసింది కదాని మావాళ్ళు రెవెన్యూ వాళ్ళ ఫారమే తెచ్చుకున్నారు. మనుషులని ఉన్నచోటల్లా చెట్లని చదువుకోండి.”

“భర్త అన్నచోట ఏం రాయమంటారు?”

“కొందరు తేనెటీగలని రాస్తున్నారమ్మా. మీరు వర్తించదు అని రాయండి, గొడవుండదు.”

మరణించిన తేదీ దగ్గర సత్యవేణి కలం ఆగిపోయింది. పెద్దచెట్టు బతికే ఉందని చెప్పింది. ఈ ఏడు ఎప్పటికన్నా ఎక్కువే కాసిందని కూడా చెప్పింది. రత్నం ఆమెని లోపలి గదిలోకి తీసుకెళ్ళాడు.

“సజీవ వృక్షానికి వారసులుండరు,” అన్నారు శేషశయనంగారు. “వారసులు లేనిదే వారసత్వం లేదు. వారసత్వం లేని ఫలాన్ని వారసత్వ ఫలమని నేనెలా ధ్రువీకరించగలను? కావున తల్లి వృక్షం మరణించినట్టు ఒక పత్రం సమర్పించండి.”

“బతికున్న చెట్టుకి ఎలా తెచ్చేదండి?”

“మేమే ఇస్తాం. ఇరవై రూపాయల రుసుము. అయితే మృతవృక్షాలు ప్రజాభద్రతకు ముప్పు కనుక, పత్రం జారీ అయిన ఏడు రోజుల్లోగా నరికించి తొలగించాలి.”

సత్యవేణి ఇరవై రూపాయలు తియ్యలేదు. ఫారం మడిచి సంచీలో పెట్టుకుని బస్సెక్కేసింది.

ఇంట్లో విషయం విన్న మాణిక్యమ్మ ఒలుస్తున్న చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. “చెట్టు చచ్చిందని రాస్తే కిలో నాలుగొందలా! మరి అత్త కూడా చచ్చిందని రాస్తే ఎంతిస్తారో అడక్కపోయేవా?”

“ఊరుకోండత్తయ్యా. అడిగితే దానికీ ఫారం ఉందంటారు.”

గంగాధరం గోడకి ఆనుకుని, నరికేస్తే బోరు గొడవే ఉండదు కదా అని చిన్నగా అన్నాడు. ఆ మాట అన్నందుకు అతనికి ఆ పూట అన్నం ఆలస్యమైంది.

సాయంత్రం సత్యవేణి ఒక్కతే పెద్దచెట్టు కిందికి వెళ్ళి కూచుంది. కాపురానికొచ్చిన కొత్తలో పుట్టింటి మీద బెంగ పుడితే ఆమె ఈ మొదలుకి ఆనుకునే ఏడ్చేది. ఏడ్చినంతసేపు ఏడ్చి, ఒక కాయ కోసుకు తిని, ఇంటికి పోయేది. పులుపుకి వచ్చే నీళ్ళూ, బెంగకి వచ్చే నీళ్ళూ ఒకలాగే ఉంటాయి గనక ఎవరూ కారణం అడిగేవారు కాదు. దీన్ని చచ్చిందని రాయడానికి తన చెయ్యి రాదు. అంతే, అంతకన్నా ఆలోచించలేదు.

మళ్ళీ కార్యాలయానికి వెళ్ళి, ఇంకో దారేదైనా ఉంటే చెప్పండని అడిగింది. శేషశయనంగారు నిబంధనల పుస్తకం తిరగేశారు. ఉంది. తల్లి వృక్షం బతికుండగానే తన హక్కులు సంతానానికి వదులుకోవచ్చు. దానికి వృక్షం సమ్మతి తెలపాలి, సంతానం జాబితా జతపరచాలి.

“సంతానం అంటే మిగతా పద్దెనిమిది చెట్లేగా అండి?”

“కాదు. అవి అంట్లు. అంటు అనగా తల్లి కొమ్మయే గాని బిడ్డ కాదు. తన చేతిని తనే కన్నానని ఎవరైనా అంటారా? విత్తనం గలది మాత్రమే సంతానం. అనగా తల్లి వృక్షం మీద ప్రస్తుతం ఉన్న కాయలు.”

భార్యాభర్తలిద్దరూ రెండు రోజులపాటు మెడలు నొప్పెట్టేలా చెట్టుకేసి చూసి లెక్కపెట్టారు. వెయ్యిన్నూట నలభై. రత్నం ఆ అంకె చూసి నిట్టూర్చి, కొత్త రిజిస్టరు తెరిచాడు.

సమ్మతి తీసుకునే రోజున శేషశయనంగారు తోటకి స్వయంగా వచ్చారు. వెనక రత్నం, రత్నం వెనక సిరాపెట్టె మోసుకుంటూ జీపు డ్రైవరు. ఒక ఆకుకి సిరా అంటించి కాగితం మీద అద్దారు, అది చెట్టు వేలిముద్ర. తర్వాత శేషశయనంగారు పెద్దచెట్టు ఎదురుగా నిలబడి గొంతు సవరించుకున్నారు.

“సర్వే నంబరు డెబ్భై రెండులో నివసిస్తున్న వృక్షమా! నీ సమస్త హక్కులనూ నీ సంతానానికి స్వచ్ఛందంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా వదులుకొనుటకు నీకేమైనా అభ్యంతరమా?”

చెట్టు ఏమీ అనలేదు. రెండోసారి అడిగారు. ఏమీ అనలేదు. రత్నం కాగితం మీద ‘అభ్యంతరం లేదు’ అని సగం రాశాడు కూడా. మూడోసారి అడుగుతుండగా పైనుంచి ముప్పావుకిలో కాయ ఒకటి రాలి సరిగ్గా శేషశయనంగారి నడినెత్తి మీద పడింది.

రత్నం సగం రాసినదాన్ని కొట్టేశాడు.

“అయ్యయ్యో, పండు రాలిందండి. పండితే రాలదేంటండి మరి?” అంది మాణిక్యమ్మ.

శేషశయనంగారు తల మీది రసం తుడుచుకోలేదు. సాక్ష్యాన్ని చెరపకూడదు. “రత్నం, రాయి. మూడవ పర్యాయం ప్రశ్నించగా సదరు వృక్షం తన అభ్యంతరాన్ని నిర్ద్వంద్వంగా, బలంగా తెలియజేసింది.”

దాంతో వ్యవహారం తల్లికీ బిడ్డలకీ మధ్య ఆస్తి తగాదాగా మారింది. తగాదా తేలేదాకా ఒక్క కాయ కూడా అమ్మకూడదని ఉత్తర్వు అంటించారు. అంటించింది చెట్టుకే, మేకు కొట్టి. మైనర్లయిన కాయలకి సంరక్షకురాలిగా సత్యవేణిని నియమించారు. రాలిన కాయని ఆమెకే అప్పగించి రసీదు రాయించుకున్నారు.

నాలుగు రోజులకి పోస్టుమాన్ సైకిలు మీద గోనెసంచీ వేసుకొచ్చాడు. అందులో వెయ్యిన్నూట నలభై నోటీసులున్నాయి. ఒక్కొక్క కాయకీ విడిగా ఒకటి.

“అన్నిటికీ సంతకాలు పెట్టాలక్కా,” అన్నాడు పోస్టుమాన్ దీనంగా. మధ్యాహ్నం భోజనం వాళ్ళింట్లోనే చేశాడు.

సంతకాలన్నీ అయ్యాక సత్యవేణి ఒక నోటీసు తీసి చదివింది. “కక్షిదారులందరూ జూన్ నాలుగవ తేదీ ఉదయం పదిన్నర గంటలకు విచారణాధికారి ఎదుట స్వయంగా హాజరు కావలెను. గైర్హాజరైన వారి వాటా రద్దగును.” మళ్ళీ చదివింది. స్వయంగా అన్న మాట మీద వేలు పెట్టి భర్తకి చూపించింది.

“ఏవండీ, ఆటో ట్రాలీ ఒకటి మాట్లాడండి.”

“ఎందుకూ?”

“రమ్మన్నారు కదా, పిల్లల్ని తీసుకెళ్ళాలి.”

చెప్పిన రోజున పదీ ఇరవైకల్లా కార్యాలయం ముందు ట్రాలీ ఆగింది. నలభై ప్లాస్టిక్ ట్రేలు, కింద వరిగడ్డి, పైన రాలినదాని టెంకతో కలిపి వెయ్యిన్నూట నలభై కాయలు. ఒక్కొక్కదానికీ నంబరు చీటీ అంటించి ఉంది. మిగతావి అప్పుడే కోసినవి కాబట్టి గట్టిగానే ఉన్నాయి. బంట్రోతు వద్దన్నాడు. సత్యవేణి నోటీసుల కట్ట చూపించింది. బంట్రోతు పక్కకి తప్పుకున్నాడు.

శేషశయనంగారు ట్రేలు చూసి చలించలేదు. కక్షిదారులు సమయపాలన పాటించినందుకు సంతోషమని రాయించి, హాజరు వెయ్యమన్నారు.

“ఒకటో నంబరు ఫలం!” అని పిలిచాడు రత్నం.

సత్యవేణి ఆ కాయని ఎత్తి చూపించింది. “హాజరండి.”

“రెండో నంబరు ఫలం!”

“హాజరండి.”

రెండు వందల పదమూడు దగ్గర భోజనం గంట కొట్టారు. ఆరు వందల ఆరు దగ్గర రత్నం గొంతు పోయింది. సాయంత్రం ఐదున్నరకి శేషశయనంగారు విచారణని జూలై పద్దెనిమిదికి వాయిదా వేశారు. సత్యవేణి ట్రేలు ఎత్తబోయింది.

“ఆగండి. వివాదాస్పద ఆస్తిని కార్యాలయం నుంచి తరలించరాదు. వారు మా అదుపులో ఉంటారు.”

“పిల్లలు జాగ్రత్తండి మరి. నంబర్లన్నీ సరిచూసి ఒప్పగించాలి. రసీదు ఇప్పించండి.” ఇలా అవుతుందనే ఆమె వచ్చింది. అయినా ఖాళీ ట్రాలీ ఎక్కుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. నోటీసు మాట పట్టుకుని ఏడాది పంటలో మంచి భాగాన్ని ఒక గదిలో పెట్టి వచ్చింది. కుళ్ళిపోతే బోరు లేదు.

మూడో రోజుకి కాయలు రంగు తిరిగాయి. నాలుగో రోజు పొద్దున్న తలుపు తీసేసరికి ఆ వాసన వరండా దాటి, మెట్లు దిగి, వీధిలో టీకొట్టు దాకా వెళ్ళింది. పక్క ఆఫీసుల్లో పనుల మీద వచ్చినవాళ్ళు దారి తప్పి ఇక్కడి వరసలో నిలబడసాగారు. ఎందుకు నిలబడ్డారని అడిగితే తెలియదనేవారు.

ఐదో రోజు హాజరులో నలభై ఎనిమిది మంది కక్షిదారులు గైర్హాజరు. శేషశయనంగారు విచారణకి ఆదేశించారు. సిబ్బంది ఎవరూ ఏమీ ఎరగమన్నారు. అన్నవాళ్ళందరి చొక్కాల మీదా పసుపు మరకలున్నాయి. రహస్య నివేదిక ఒకటి తెరిస్తే పేజీలు విడిపోలేదు.

ఆరో రోజున కుళ్ళడం మొదలైంది. అసలు తంటా అక్కడ వచ్చింది. అదుపులో ఉన్న కక్షిదారు మరణిస్తే పంచనామా చెయ్యాలి, కారణం రాయాలి, మరణపత్రం మూడు ప్రతుల్లో ఇవ్వాలి. ఆ ఒక్కరోజే రత్నం ముప్పై ఏడు రాశాడు. కారణం అన్నచోట మొదట ‘అతిపక్వత’ అని రాశాడు. ఇరవై దాటాక ‘పండిపోయెను’ అన్నాడు. చివరివాటికి ఒట్టి ‘అయ్యో’ అని రాశాడు. చీమలు బీరువాలోకి వెళ్ళాయి. శేషశయనంగారి కుర్చీ చుట్టూ ఈగలు.

“రత్నం, రేపటికి ఎన్ని?”

“నూరు దాటతాయండి. నా వేళ్ళు వాచిపోయాయండి. తమరు కూడా కొన్ని రాయాలి.”

ఆ మాటతో శేషశయనంగారు తనే నిబంధనల పుస్తకం తీసి వెతికారు. నూట పన్నెండో పేజీలో కావలసింది దొరికింది. త్వరగా నశించే వివాదాస్పద వస్తువులను బహిరంగ విపణిలో స్థానిక ధరకు విక్రయించి, సొమ్మును మైనర్ల సంరక్షకులకు జమ చేయవలెను. ధ్రువపత్రం ఇంకా రాలేదు గనక గౌరవ ధర వర్తించదు. స్థానిక ధర ఎంతని సత్యవేణికి ఫోను చేయించారు.

“ఎనభయ్యేనండి. ఎప్పుడూ అంతే కదండి,” అందామె.

ఏడో రోజున రత్నం కార్యాలయం వరండాలో త్రాసు పెట్టుకుని కూచున్నాడు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అతని ముందు జనం నవ్వుతూ నిలబడటం అదే మొదలు. గంటన్నరలో అన్నీ అయిపోయాయి. అక్కడికక్కడే నిలబడి తిన్నవాళ్ళు ముందు మొహం చిట్లించి, తర్వాత కళ్ళు తెరిచి, మళ్ళీ వరసలోకి వెళ్ళారు.

వారం తిరిగేసరికి రత్నం తుది ఉత్తర్వు పట్టుకుని తోటకి వచ్చాడు. మాణిక్యమ్మ మంచినీళ్ళు ఇచ్చింది. అతను నిలబడే చదివాడు.

“పైన ఉదహరించిన వృక్షం యొక్క సంతానమంతయు మరణించినందున, భుజింపబడినందున లేక కనబడకుండా పోయినందున, సదరు వృక్షానికి వారసులెవరూ లేరని ఇందుమూలముగా తీర్మానించడమైనది. వారసులు లేని కారణాన అత్తకోపం అను ఫలజాతి అంతరించినట్టు రికార్డులలో నమోదు చేయుచు, ఈ ఫైలు మూసివేయడమైనది.”

సత్యవేణి చుట్టూ చూసింది. మిగతా పద్దెనిమిది చెట్ల నిండా కాయలు వేలాడుతున్నాయి, ఇప్పుడిప్పుడే పండుతున్నాయి.

“మరి ఇవేంటండీ, రత్నంగారూ?”

రత్నం తల ఎత్తలేదు. “జాబితాలో లేని కాయలు మా ఆఫీసు దృష్టిలో పుట్టనే లేదమ్మా.”

“అమ్ముకోవచ్చా?”

“పుట్టనివాటికి మేం ధర ఎలా కడతామమ్మా? మీ ఇష్టం.” సత్యవేణి సంచీ నిండా కోసిచ్చిన కాయలకి డబ్బులు పెట్టబోయాడు. ఆమె తీసుకోలేదు. లేని కాయలకి డబ్బులెలా తీసుకుంటానని అంది. రత్నం మొదటిసారి పైకి నవ్వాడు.

మర్నాడు జిల్లా పేపర్లో ఉత్తర్వు వార్తగా వచ్చింది. ‘అంతరించిన అత్తకోపం’ అని పెద్ద అక్షరాలు. కింద శేషశయనంగారి ఫొటో, ఆయన విచారం. ఎనభై ఏళ్ళ చరిత్ర గల అపురూపమైన రకం మన కళ్ళముందే కనుమరుగైందనీ, ఇకపై ఇటువంటివి జరగకుండా కఠిన చర్యలు తీసుకుంటామనీ ఆయన అన్నారు.

పది గంటలకి మొదటి కారు వచ్చింది. పదిన్నరకి తోట గట్టు పొడవునా కార్లే. కాకినాడ నుంచి కొందరు, రాజమండ్రి నుంచి కొందరు. అందరి చేతుల్లోనూ పేపరు, సంచీ. గంగాధరం త్రాసు తేవడానికి ఇంట్లోకి పరుగెత్తాడు. మాణిక్యమ్మ కొత్త చీర కట్టుకుని గుమ్మంలోకి వచ్చి, ఆ కోపం తనది కాదని చెప్పడం మొదలుపెట్టింది.

తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన కాయలతో వంగిన కొమ్మని చేత్తో పక్కకి నెట్టుకుంటూ సత్యవేణి దగ్గరికి వచ్చాడు. మొహంలో పరామర్శకి వచ్చిన దిగులు.

“అమ్మా, పేపర్లో చూసి పరిగెత్తుకొచ్చేను. నిజంగానే ఆ రకం ఇక లేదాండీ?”

సత్యవేణి కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఆయ్, లేదండి. అంతరించిపోయిందండి. ఎన్ని కిలోలు కట్టమంటారు?”